డిమిట్రియస్ కళ్లకి విరుగుడు రాయలేదు, మరి హెలెనా పెళ్లి నిజమేనా?

షేక్‌స్పియర్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో ప్రేమంతా పువ్వు పసరు మహిమే అయినప్పుడు చివర్లో జరిగే పెళ్లిళ్లు నిజమైనవేనా, లేక అంతా ఊహేనా అని అడిగారు. ఎంఏలో మేం ఈ నాటకం వేశాం, నాది హెలెనా వేషం, అందుకని ఆ ఒక్క పెళ్లి గురించే చెప్తాను. కథ తెలియనివాళ్లకి ఒక్క మాట: హెలెనా డిమిట్రియస్‌ని ప్రేమిస్తుంది, అతనేమో ఆమె స్నేహితురాలు హెర్మియా వెంట పడతాడు, హెర్మియా తండ్రి ఒప్పుకోక తను ప్రేమించిన లైసాండర్‌తో అడవిలోకి పారిపోతుంది, అక్కడి మాయజీవులు నిద్రపోయేవాళ్ల కళ్లకి పువ్వు పసరు రాస్తే లేవగానే కనిపించినవాళ్లని ప్రేమిస్తారు.

లైసాండర్ కళ్లకి విరుగుడు రాస్తారు, మాయజీవుల రాణి టైటానియాకీ రాస్తారు, డిమిట్రియస్‌కి మాత్రం రాయరు, అతను ఆ పసరు కళ్లతోనే గుడికి వెళ్లి హెలెనాని పెళ్లి చేసుకుంటాడు. రిహార్సల్స్ మొదట్లో ఇది నాకు శుద్ధ మోసంలా అనిపించేది. మా మేడమ్ మొదటి అంకం మళ్లీ చదవమన్నారు. డిమిట్రియస్ అంతకుముందు హెలెనా వెంటపడి ఆమె మనసు గెలుచుకున్నాడని లైసాండర్ అక్కడే అందరి ముందూ బయటపెడతాడు. నాలుగో అంకంలో డిమిట్రియస్ కూడా ఒప్పుకుంటాడు, హెర్మియాని చూడకముందే హెలెనాకి మాటిచ్చానని, జబ్బులో సయించని తిండి ఒళ్లు బాగయ్యాక మళ్లీ కావాలనిపించినట్టు ఉందని. పసరు పాత ప్రేమనే వెనక్కి తెచ్చిందన్నమాట. నాకు ఇది సగమే నచ్చింది, ఎందుకంటే ఆ మాట చెప్తున్నది పసరు పడ్డ మనిషే కదా.

నాకు దారి చూపించింది హెలెనా మాటే. నిద్రలేచాక ఆమె అంటుంది, డిమిట్రియస్ నాకు దొరికిన నగలాంటివాడు, నావాడే, నావాడు కాడు కూడా అని. మొదట్లో ఆ లైన్ సంతోషంగా గబగబా చెప్పేసేదాన్ని, తర్వాత 'నావాడు కాడు' దగ్గర ఆగడం మొదలుపెట్టాను, అప్పుడు డిమిట్రియస్ వేషం వేసిన అబ్బాయి ప్రతిసారీ తనకి తెలియకుండానే నావైపు తిరిగేవాడు. అనుమానం ఉందని తెలిసి కూడా ఒప్పుకున్న పెళ్లి అది, అందుకే నేను నిజమైనదే అంటాను.

ఊహ సంగతికొస్తే, పిచ్చివాడు, ప్రేమికుడు, కవి ముగ్గురూ ఊహతో నిండినవాళ్లే అన్న ఏథెన్స్ పాలకుడు థీసియస్ మాటని పరీక్షల్లో అందరూ రాస్తారు. దానికి అతని పెళ్లికూతురు హిప్పొలిటా ఇచ్చిన జవాబు చదవండి, అందరి మనసులూ ఒకేసారి అలా మారిపోయాయంటే అది ఉత్త ఊహ కాదంటుంది. ఆ మాటన్నది థీసియస్ కత్తితో గెలిచి తెచ్చుకున్న మనిషి, నాకు ఆమె మాటే ఎక్కువ బరువు.

ఇంకొకటి, వేదిక మీద కూర్చుంటే గానీ తెలియలేదు. ఐదో అంకంలో హెర్మియాకీ హెలెనాకీ ఒక్క డైలాగ్ కూడా లేదు, 1600లో అచ్చయిన ప్రతిలోనూ లేదు, 1623 నాటి ప్రతిలోనూ లేదు. ఎదురుగా బాటమ్ అనే నేతగాడి బృందం పెళ్లివాళ్ల కోసం పిరమస్, థిస్బీల కథ ఆడుతుంటుంది, అదీ పెద్దవాళ్లు అడ్డుపడ్డ ప్రేమే, అడవిలో ఇంకొంచెం తేడా వచ్చి ఉంటే వీళ్ల కథా అలాగే చావుతో ముగిసేది. మగవాళ్లు జోకులేసుకుంటుంటారు, మేమిద్దరం ఊరికే చూస్తూ కూర్చోవాలి. ముఖం ఎలా పెట్టాలో తెలియక చాలా టెన్షన్ పడ్డాను. చిన్నప్పుడు ఒకే దిండు మీద కూర్చుని ఒకే పువ్వు కుట్టిన స్నేహితురాళ్లు వీళ్లు, ఆ రాత్రి అడవిలో కొట్టుకునేదాకా వెళ్లారు, దాని గురించి తర్వాత ఒక్క మాటా అనుకోలేదు. షో రోజు, థిస్బీ చచ్చిపోయిన పిరమస్‌ని లేపుతుంటే నేను హెర్మియా చెయ్యి పట్టుకున్నాను. తను వదిలించుకోలేదు.