లైను చేతికొచ్చిన మా చిన్నికి

పీణ్యా రెండో స్టేజి, బెంగళూరు

చిన్నీకి పెద్దమ్మ దీవెనలు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మైసూరు రోడ్డు గార్మెంట్ ఫ్యాక్టరీలో చొక్కాలు కుట్టే ఒక లైనుకి నిన్ను ఇన్‌ఛార్జిని చేస్తున్నారంటే నాకెంత సంతోషమో చెప్పలేను. నలభై రెండు మిషన్లు, ఎనిమిది మంది హెల్పర్లు, ఇరవై ఆరేళ్ళకే! కానీ చివర్లో ఒక మాట అన్నావు. "చేరిన వారంలోనే అందరినీ రెండు గంటలకోసారి మిషన్లు మారుస్తా పెద్దమ్మా, రోజంతా ఒకే కుట్టు కుడితే ఎవరికైనా విసుగే కదా" అని. మంచి మనసుతోనే అన్నావు. నేనూ ఒకప్పుడు సరిగ్గా ఆ మనసుతోనే ఆ పని చేశాను. ఫోన్‌లో చెబితే సగం విని సగం వదిలేస్తావు, అందుకే రాస్తున్నా. నింపాదిగా చదువు.

నేను మదనపల్లె నుంచి వచ్చినప్పుడు దారాలు కత్తిరించే హెల్పర్‌ని. తర్వాత అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద సైడ్ సీమ్, అంటే చొక్కా పక్క కుట్టు, ఆ తర్వాత ఆరేళ్ళు కాలర్. ఇన్‌ఛార్జి అయిన మొదటి నెలలో మా లైనులో అందరినీ తిప్పాను. కఫ్ (చొక్కా చేతి చివరి పట్టీ) కుట్టే వాళ్ళని పాకెట్‌కి, పాకెట్ వాళ్ళని కాలర్‌కి. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత కాలర్ మిషన్ మీద తొమ్మిదేళ్ళుగా ఉన్న ఒక అక్క నా దగ్గరికొచ్చి నిలబడింది. "నా మిషన్ ఎందుకు తీసేశారు మేడమ్? నేనేం తప్పు చేశాను?" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకు నోట మాట రాలేదు.

ఆయుధపూజ రోజు చూసే ఉంటావు కదా. ఎవరి మిషన్‌కి వాళ్ళు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు కట్టి, నిమ్మకాయ పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. కంపెనీ కొన్న మిషనే, అయినా ఆమెకు అది తన మిషన్. పెడల్ ఎంత నొక్కితే ఎంత పోతుందో ఆమె కాలికి తెలుసు. కాలర్ ముక్కు తిరిగే చోట చెయ్యి దానంతటదే ఆగుతుంది. చెయ్యి అంతగా తిరిగిన మనిషికి మనసు ఖాళీగా ఉంటుంది చిన్నీ. ఆ ఖాళీలో పక్కనున్న ఆమెతో కూతురి పెళ్ళిచూపుల సంగతి మాట్లాడుకుంటుంది, చీటీ పాట లెక్క వేసుకుంటుంది, సాయంత్రం కూరేం చేయాలో ఆలోచించుకుంటుంది. అలాంటి మనిషిని తీసుకెళ్ళి సగం వచ్చిన పనిలో కూర్చోబెడితే ఏమవుతుంది? మనసంతా సూది మొన మీదే పెట్టాలి, అయినా పీసు వంకరపోతుంది, గంటకెన్ని పీసులయ్యాయో రాసే బోర్డు మీద అంకె తగ్గుతుంది, అందరిముందూ మాట పడాలి. విసుగు పోగొట్టాలనుకుని నేను ఆమెకు భయం తెచ్చిపెట్టాను. నెల తిరక్కుండానే ఆమె వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. ఆ తప్పు నాదే.

అలాగని ఒకే పని చేస్తూ ఉంటేనే అందరూ సుఖంగా ఉంటారని కాదు. ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్‌కి మారాక దీని గురించి దొరికినంతా చదివాను. 1913లో అమెరికాలో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో కదిలే లైను పెట్టారు. ఒక్కో మనిషికి ఒక్కో చిన్న పని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. కార్లు గబగబా తయారయ్యాయి, మనుషులు మాత్రం నిలవలేదు. ఆ ఏడాది పని మానేసి పోయిన వాళ్ళు 370 శాతం. అంటే వంద మంది ఉండాల్సిన చోట ఏడాదిలో మూడు వందల డెబ్బై మంది వచ్చిపోయినట్టు. 1914 జనవరిలో రోజు కూలి 5 డాలర్లు చేశాక గానీ జనం కుదురుకోలేదు. పని మారలేదు, జీతం మారింది. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

హెర్జ్‌బర్గ్ అని అమెరికా సైకాలజిస్టు ఒకాయన 1968లో రాశాడు. కాసేపు గిన్నెలు కడిగించి, తర్వాత చెంచాలు కడిగించినంత మాత్రాన కడిగే మనిషికి పని మీద ఇష్టం పుట్టదని. నువ్వు చేద్దామనుకుంటున్నది అదే. కఫ్ తీసి పాకెట్ ఇస్తే అది మార్పు కాదు, స్థలం మారడం అంతే. ఆ తర్వాత 1970లలో హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు పని మీద ఇష్టం ఎక్కడి నుంచి వస్తుందో అయిదు రకాలుగా విడదీశారు. పనిలో రకరకాల నేర్పు వాడటం అందులో ఒక్కటే. మిగతావి ఏంటంటే, మొదలు నుంచి చివరిదాకా ఒక వస్తువు తన చేతిలో తయారవడం, ఆ పని ఎవరికో అక్కరకొస్తుందని తెలియడం, ఎలా చేయాలో కొంత తన ఇష్టానికి వదలడం, బాగా చేసిందో లేదో తనకు తెలుస్తూ ఉండటం. ఇంకో మాట కూడా చెప్పారు, నాకు అదే అన్నిటికన్నా విలువైందనిపించింది. కొత్తది నేర్చుకోవాలన్న ఆరాటం అందరిలో ఒకేలా ఉండదు, ఉన్నవాళ్ళకే ఈ మార్పులు ఎక్కువ కలిసొస్తాయి అని.

మా లైనులో ఆ ఆరాటం ఉన్న పిల్ల ఒకర్తె ఉండేది. రెండేళ్ళుగా లేబుల్ కుట్టడమే పని. టిఫిన్ టైములో ఎవరూ లేనప్పుడు పాత గుడ్డముక్కల మీద స్లీవ్ అటాచ్, అంటే చొక్కాకు చేతులు అతికించడం నేర్చుకునేది. నేను చూసి వారానికి రెండు పూటలు స్లీవ్ మిషన్ దగ్గర కూర్చోబెట్టాను. టార్గెట్ పెట్టలేదు. రెండు నెలల్లో పక్కా ఆపరేటర్ అయింది. ఆ పిల్ల నడకే మారిపోయింది. కానీ తర్వాత జరిగింది కూడా విను. అన్నీ వచ్చు కదా అని ఆమెను ఫ్లోటర్ చేశారు. ఎవరు సెలవు పెడితే వాళ్ళ మిషన్ మీదికి తోలడం. పొద్దున లోపలికొస్తే ఎక్కడ కూర్చోవాలో తెలియదు, పక్కన ఎవరుంటారో తెలియదు, గ్రేడ్ మాత్రం పాతదే. ఆరు నెలలకు నా దగ్గరికొచ్చి "మేడమ్, నన్ను మళ్ళీ లేబుల్‌కే వేసేయండి" అంది. రోజుకో పని చేసే మనిషి రోజూ ఒకే పని అడుక్కుంది. దానికి కారణం పని కాదు, ఏ రోజు ఏం చేయాలో తన చేతిలో లేకపోవడం. బాగా పనొచ్చిన వాళ్ళనే మనం ఎక్కువ నలుపుతాం. నీ లైనులో అది జరగనివ్వకు.

కాబట్టి మొదటి నెల ఎవరినీ కదపకు. పొద్దున మిషన్లు ఆన్ అయ్యే ముందు, టీ టైములో, ఒక్కొక్కరి దగ్గరా నిలబడి మాట్లాడు. "ఈ పని కాకుండా ఏదైనా నేర్చుకోవాలనుందా అక్కా?" అని అడుగు. కన్నడంలో అడగాల్సిన వాళ్ళని కన్నడంలో, తమిళంలో అడగాల్సిన వాళ్ళని తమిళంలో. ఒడిశా నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లల్ని మరీ ఓపిగ్గా అడగాలి, ఇన్‌ఛార్జి ఏమడిగినా సరే అనేస్తారు పాపం. లేదన్న వాళ్ళని వదిలెయ్. అవునన్న వాళ్ళ పేర్లు ఒక పక్క, ఆపరేషన్లు ఇంకో పక్క రాసి కాగితం తయారుచేసుకో. నేర్చుకునే రోజుల్లో ఆ మిషన్ టార్గెట్ తగ్గించమని, టార్గెట్లు లెక్కగట్టే ఐఈ (ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్) వాళ్ళతో ముందే గట్టిగా మాట్లాడు. వాళ్ళు ఒప్పుకోకపోతే ఆ వారం మార్పే వద్దు.

గంటగంటకూ మార్చడం కూడా మంచిది కాదు. రోజంతా ఒక దాని మీదే ఉంటే చేతికి వేగం వస్తుంది. మారిస్తే రోజుకో, వారానికో మార్చు. షిప్‌మెంట్ వారంలో కాలర్, కఫ్, స్లీవ్ దగ్గర అసలు చెయ్యి పెట్టకు. ఇప్పుడు చిన్న ఆర్డర్లు ఎక్కువయ్యాయి, పది రోజులకో స్టైలు మారుతుంది అన్నావు. చొక్కా పోయి బ్లౌజు వస్తే వాళ్ళకు అప్పుడే సగం పని కొత్తది. దాని మీద నువ్వు ఇంకో మార్పు పెడితే తట్టుకోలేరు.

ఒంటి సంగతి వేరు. భుజాలు, మెడ, మణికట్టు నొప్పి అన్నవాళ్ళని మార్చాల్సిందే, ఇష్టం వరకు ఆగొద్దు. కానీ కాలర్ నుంచి కఫ్‌కి మారిస్తే అదే వంగుడు, అదే చెయ్యి. కాసేపు నిలబడి చేసే చెకింగ్‌కో, ఇస్త్రీ టేబుల్‌కో పంపితేనే ఒళ్ళు తేలికపడుతుంది.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. చొక్కాకు యాభై దాకా ఆపరేషన్లు ఉంటాయి. కఫ్ కుట్టే మనిషి పదేళ్ళు పనిచేసినా పూర్తయిన చొక్కా చేతిలో పట్టుకుని చూసి ఉండదు. ఆర్డర్ మొదటి పీసులు ఫినిషింగ్‌లోంచి బయటికొచ్చినప్పుడు ఒకటి తెచ్చి లైనులో అందరికీ చూపించు. "ఇదిగో నీ కాలర్, ఎంత నున్నగా కూర్చుందో చూడు" అని పేరు పెట్టి చెప్పు. మనవాళ్ళకు తప్పు జరిగినప్పుడే కబురు అందుతుంది. బాగా చేసినప్పుడు ఎవరూ చెప్పరు.

ఇక జీతం. రెండో ఆపరేషన్ నేర్చుకున్న మనిషికి గ్రేడ్ పెంచమని హెచ్ఆర్ దగ్గర నువ్వే అడగాలి, వాళ్ళంతట వాళ్ళు అడగలేరు. పెంచకుండా నేర్పితే దాన్ని చాకిరీ అనుకుంటారు, అది నిజమే కూడా. 2016 ఏప్రిల్ నీకు గుర్తుందో లేదో. పీఎఫ్ డబ్బు తీసుకునే నిబంధన మార్చారని హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు మీదికి గార్మెంట్ ఆడవాళ్ళు వేలమంది వచ్చేశారు. రెండో రోజుకే కేంద్రం ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. ఏళ్ళ తరబడి టార్గెట్ ఓర్చుకున్నారు, తిట్లు ఓర్చుకున్నారు, కానీ తాము దాచుకున్న డబ్బు మీద చెయ్యి పడితే ఊరుకోలేదు. పని మార్చి తృప్తి పెట్టాలని చూసే ముందు జీతం స్లిప్పులో ఓటీ (అదనపు పని) గంటలు సరిగ్గా పడ్డాయో లేదో చూడు. వాళ్ళు నిన్ను నమ్మేది అక్కడ.

ఆ కాలర్ అక్క తర్వాత ఒకసారి యశ్వంతపూర్ మార్కెట్లో కనబడింది. కొత్త కంపెనీలోనూ కాలరే కుడుతోందట. బాగున్నావా అని నన్నే ముందు అడిగింది. క్షమించమని అడుగుదామనుకుని అడగలేకపోయాను, చాలా ఏళ్ళుగా అది లోపలే ఉండిపోయింది.

వచ్చే ఆదివారం ఇంటికి రా. నీ లైను వాళ్ళ పేర్లు, ఏ మిషన్ మీద ఎన్నాళ్ళుగా ఉన్నారో రాసుకుని పట్టుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం. ఉలవచారు పెడతాను.

నీ
పెద్దమ్మ