గడ్డిమందుతో క్యాన్సర్ సంగతి తర్వాత, ముందు వసారాలో ఉన్న ఆ సీసా తియ్యండి

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఎకరంన్నర కొబ్బరితోట, కొంచెం వరిచేను ఉంది. మా ఆయన నాలుగైదేళ్ళ నుంచి తోటలోనూ చేను గట్ల మీదా గడ్డిమందు కొడుతున్నారు. స్ప్రేయర్ ట్యాంకు కొంచెం కారుద్దండి, పోయిన వారం కొట్టొచ్చాక నడుం దగ్గర ఎర్రగా కమిలి బొబ్బలొచ్చాయి, ముక్కులోంచి కాస్త రక్తం కూడా వచ్చింది, రెండు గోళ్ళు తెల్లబడ్డాయి. రౌండప్ అనే గడ్డిమందు వల్ల క్యాన్సర్ వస్తుందని, అమెరికాలో కోట్లు కట్టించారని ఫోన్లో వీడియో చూశాం. నాకిప్పుడు మూడో నెల, బిడ్డకేమైనా అవుద్దేమోనని భయంగా ఉంది. మందు మాత్రం బాగా పనిచేస్తదండి, కొట్టిన మర్నాటికే గడ్డి మాడిపోద్ది. మిగిలింది కూల్‌డ్రింక్ సీసాలో పోసి వసారాలో పెడతారు. తోట పక్కనే బోదె, మా గేదెలు ఆ నీళ్ళే తాగుతాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ భయమంతా క్యాన్సర్ గురించి, నేను మాత్రం వేరే చోట ఆగిపోయాను, అది మీరేదో మాటవరసకి రాసేసిన ముక్క. కొట్టిన మర్నాటికే గడ్డి మాడిపోద్ది అన్నారు చూడండి, అక్కడ.

మనం గడ్డిమందు గడ్డిమందు అని అన్నిటినీ ఒకే పేరుతో పిలిచేస్తాం, షాపులోనూ అలాగే అడుగుతాం, వాళ్ళూ ఏది ఉంటే అది ఇచ్చేస్తారు. కానీ రౌండప్ లాంటి వాటిలో ఉండేది గ్లైఫోసేట్, అది ఆకు మీంచి వేరు దాకా దిగి మెల్లగా చంపే మందు, గడ్డి పసుపు తిరిగి ఎండటానికి వారం పది రోజులు పడుద్ది. ఒక్కరోజులో, ఎండ గట్టిగా ఉంటే కొన్ని గంటల్లోనే తగిలినచోటల్లా మాడ్చేసేది పారాక్వాట్. దానికి తోడు బొబ్బలు, ముక్కులో రక్తం, తెల్లబడ్డ గోళ్ళు, ఈ మూడూ పారాక్వాట్ కొట్టేవాళ్ళలో మేం చూసేవే. చూడకుండా నూటికి నూరుపాళ్ళు అదే అనను గానీ నా అనుమానం మాత్రం దానిమీదే. అసలు డబ్బా ఎక్కడైనా ఉంటే తీసి దానిమీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు మీ ఆయన చేత చదివించండి, పైన పెద్దగా ఉన్న కంపెనీ పేరు కాదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే పారాక్వాట్‌కి విరుగుడు లేదు. ఒక్క గుక్క పొరపాటున మింగినా ప్రాణం మీదికొచ్చేస్తుంది. నేను ఎమర్జెన్సీ డ్యూటీలో ఉన్న రోజుల్లో ఇలాంటి కేసులు చూశాను, మనిషి నడిచొస్తాడు, మనతో మాట్లాడతాడు, నోట్లో గొంతులో మంట తప్ప ఏం లేదంటాడు, ఇంట్లోవాళ్ళు కూడా పర్లేదులే రేపు తీసుకెళ్ళిపోదాం అనుకుంటారు, రెండు మూడు రోజులకి కిడ్నీలు పాడవ్వటం మొదలవుద్ది, ఆ తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడిపోయి ఊపిరి అందదు, అప్పుడు ఆక్సిజన్ పెడదామన్నా ఈ విషంలో ఆక్సిజనే ఊపిరితిత్తుల్ని ఇంకా దెబ్బతీస్తుంది, డాక్టర్ చేతులు కట్టేసినట్టే. యూరప్ దేశాల్లో 2007 నుంచి దీన్ని ఆపేశారు, మన దగ్గర ఇంకా అమ్ముతున్నారు. ఇలాంటిదాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి వసారాలో పెట్టటం, ఎండలో ఆడుకునొచ్చిన పక్కింటి పిల్లాడు దాహమేసి ఎత్తుకుంటే? కాబట్టి ఇది చదవగానే ముందు చేసే పని అదే, ఆ సీసా తీసి తాళం ఉన్నచోట పెట్టించండి. మీరు ముట్టుకోవద్దు, ఆయన్నే తియ్యమనండి, గ్లవుజులు వేసుకుని. మిగిలిన మందు బోదెలో పొయ్యొద్దు, తగలెట్టొద్దు, ఊళ్ళో రైతు సేవా కేంద్రం వాళ్ళని అడిగి వాళ్ళు చెప్పినట్టు చెయ్యండి. ఎవరైనా మింగితే మాత్రం వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్ళు పట్టించొద్దు, 108కి ఫోన్ చేసి డబ్బాతో సహా పెద్దాసుపత్రికి వెళ్ళిపోవాలి, ఎంత బాగున్నట్టు కనపడినా సరే.

ఇక మీ ఆయన సంగతి. మామూలు చర్మంలోంచి ఈ మందు పెద్దగా లోపలికి పోదు, కానీ పుండైన చర్మం మీదుగా పోతుంది, కారే ట్యాంకు వీపున పెట్టుకుని తడిసిన చొక్కాతో గంటలు గంటలు కొట్టి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. అందుకని బొబ్బలు మానేదాకా ఆయన ఆ ట్యాంకు భుజానికెత్తకూడదు. ఈ వారంలోనే ఫిజీషియన్‌కి చూపించి కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష, ఒక ఛాతీ ఎక్స్‌రే చేయించండి. ఆయాసం, పొడి దగ్గు, మూత్రం తగ్గటం, వీటిల్లో ఏదున్నా వారం ఆగొద్దు, ఆరోజే వెళ్ళండి. గోళ్ళు మెల్లగా కొత్తవి వస్తాయి, దానికి కంగారక్కర్లేదు.

సరే, వీడియోలో చూసిన క్యాన్సర్ మాటకొద్దాం. అది గ్లైఫోసేట్ గురించి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2ఎ అనే గ్రూపులో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే అవకాశం గట్టిగానే ఉంది అని. ఇక్కడో చిన్న మెలిక ఉంది, ఆ గ్రూపు సాక్ష్యం ఎంత గట్టిదో చెప్తుంది గానీ ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు, మనం ఆదివారం తినే వేటమాంసం, నైట్ డ్యూటీలు కూడా అదే గ్రూపులో ఉన్నాయి మరి. అమెరికా, యూరప్ ప్రభుత్వ సంస్థలేమో క్యాన్సర్ తెచ్చేలా లేదన్నాయి, యూరప్‌లో 2023లో ఇంకో పదేళ్ళు అనుమతి కూడా ఇచ్చారు. అమెరికాలో పురుగుమందులు కొట్టే 54 వేల మందికి పైగా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించి 2018లో వేసిన లెక్కలో మొత్తం మీద సంబంధం కనపడలేదు, మరుసటి సంవత్సరమే పాత స్టడీలన్నీ కలిపి చూసినవాళ్ళు, బాగా ఎక్కువగా కొట్టేవాళ్ళలో నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా అనే ఒక రకం రక్త క్యాన్సర్ 41 శాతం ఎక్కువన్నారు. ఇది చదివి నూటికి నలభై మందికి వస్తుందనుకోకండి, అసలే అరుదైన జబ్బు, ఆ చిన్న లెక్క ఇంకాస్త పెరిగిందని అర్థం. కోర్టు తీర్పులు నిజమే, 2018లో ఒక స్కూలు తోటమాలికి జ్యూరీ 28 కోట్ల 90 లక్షల డాలర్లు ఇమ్మంది, తర్వాత జడ్జీలు బాగా తగ్గించేశారనుకోండి. నా మాట అడిగితే, తేలని విషయం కాబట్టే ఒంటికి తగలకుండా చూసుకోవాలి, కానీ రాత్రిళ్ళు నిద్ర మానుకునేంత భయం అక్కర్లేదు. ఇంకో సంగతి, మన దేశంలో దానికి అనుమతి టీ తోటలకి, పంట లేని జాగాలకే, 2022 అక్టోబరులో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు, అంటే మందులు కొట్టటమే పనిగా లైసెన్సు తీసుకున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ కొట్టకూడదని ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఊళ్ళల్లో ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

బిడ్డ గురించి. ఆయన కొట్టొచ్చిన బట్టల వల్ల బిడ్డకి అవకరం వస్తుందని ఎక్కడా తేలలేదు, ఆ భయం పెట్టుకోకండి. అమెరికాలో 71 మంది గర్భిణుల మీద 2018లో వచ్చిన చిన్న స్టడీలో ఎక్కువమంది మూత్రంలో గ్లైఫోసేట్ దొరికింది, ఎక్కువ ఉన్నవాళ్ళకి కాన్పు కొంచెం ముందుగా అయ్యింది, బిడ్డ బరువులో తేడా ఏం లేదు. జాగ్రత్తకి మీరు ఆ బట్టలు ఉతకొద్దు, ఆయన్నే విడిగా ఉతుక్కోమనండి, కొట్టిన రోజు తోటవైపు వెళ్ళకండి, ఆయన సబ్బుతో స్నానం చేశాకే ఇంట్లోకి రావాలి. రేపు స్కానింగ్‌కి వెళ్ళినప్పుడు మీ డాక్టరమ్మకి ఇదంతా చెప్పండి.

బోదె సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఈ రెండు మందులూ మన ఒండ్రు బంకమట్టిని గట్టిగా పట్టుకుంటాయి, వెంటనే నీళ్ళల్లోకి దిగవు, అది మంచిదే. కానీ వానకి మట్టి కొట్టుకుపోతే మట్టితో పాటే మందూ పోతుంది. అంతకంటే ముఖ్యం, చాలామంది చేసే పని, కొట్టటం అయ్యాక ట్యాంకు తీసుకెళ్ళి బోదెలో ముంచి కడగటం. గ్లైఫోసేట్‌లో మందు ఆకుకి అంటుకోటానికి కలిపే సబ్బులాంటి పదార్థం చేపపిల్లలకీ కప్పపిల్లలకీ మందుకంటే ఎక్కువ విషం, ఆ బోదె నీళ్ళు కిందికెళ్ళి ఎవరి చేపలచెరువులో పడతాయో, ఎవరి గేదె తాగుద్దో. కడిగిన నీళ్ళు కొట్టిన గడ్డి మీదే పొయ్యాలి. కొట్టిన గడ్డి రెండు వారాలైనా గేదెలకి వెయ్యొద్దు, కొన్నాళ్ళు వాటికి కుళాయి నీళ్ళు పెట్టండి.

ఇంకో మాట, ఇది డాక్టర్‌గా కాదు, మాకూ కాస్త చేను ఉంది కాబట్టి. గట్టుని పట్టుకునుండేది ఆ గడ్డి వేర్లే, ఏడాదికి నాలుగుసార్లు మందు కొట్టి వేర్లు చంపేస్తే పీతబొరియలకి తోడు మొదటి వానకే గట్టు జారిపోద్ది. కూలీలు దొరకట్లేదని తెలుసు, దొరికినా ఆ రేట్లు ఇచ్చుకోలేమనీ తెలుసు. గడ్డి కోసే మిషన్ అద్దెకి దొరుకుతుంది, నలుగురు కలిస్తే ఒకటి కొనుక్కోవచ్చు, తోటలో కొబ్బరి డొక్కలు, మట్టలు పరిస్తే ఆ నీడకి సగం గడ్డి మొలవదు, కోకోనో కందో అంతరపంట వేసినా అంతే. తప్పక కొట్టాల్సొస్తే కారని ట్యాంకు, రబ్బరు గ్లవుజులు, బూట్లు, కళ్ళజోడు, ముక్కుకి మాస్కు, పొద్దున్నే గాలి లేనప్పుడు. మే నెల ఉక్కపోతలో ఇవన్నీ ఎవరేసుకుంటారండీ అంటారు, నిజమే, నేనూ ఏసుకోలేను, అందుకే ఆ మిషన్ మాట ముందు చెప్పాను.

డబ్బా మీద పేరు, ఆయన క్రియాటినిన్ ఎంతొచ్చిందో రాయండి, తర్వాత సంగతి అప్పుడు చెప్తాను.