ఊళ్లో అమ్మానాన్నల ఇల్లు మూడేళ్లుగా తాళం వేసి ఉంది. ఉంచుకోవాలా, అమ్మేయాలా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకూ ఇది: అమ్మగారు, నాన్నగారు ఇద్దరూ లేరు. తమ్ముడు అమెరికాలో, మీరు పూణేలో. తాళంచెవి బాబాయిగారి దగ్గర ఉంది. "ఇప్పుడు రేటు లేదు, ఇంకో రెండేళ్లు ఆగండి" అని ఊళ్లోవాళ్లు అంటున్నారు. ఆ చివరి మాట మాత్రం వినకండి. మేమూ అదే మాట విని చీరాలలో మా ఇంటిని నాలుగేళ్లు ఆపాం. రేటు కాస్త పెరిగిన మాట నిజమే. ఈలోపు ఇల్లు పాడైంది, కాగితాలు అంతకంటే ఎక్కువ ఏడిపించాయి.

మాది 1974లో కట్టిన డాబా. నాన్న ఉన్నప్పుడు ఏటా తొలకరికి ముందు పైకెక్కి వేపాకు ఊడ్చి, వాననీళ్లు పోయే గొట్టాలను పుల్లతో పొడిచేవారు. అదొక పని అని మాకెవరికీ తట్టలేదు. ఆయన పోయిన ఏడాది ఎవరూ ఎక్కలేదు, అక్టోబరు వానలకు పైన నీళ్లు నిలిచిపోయాయి. రెండో ఏడు పిట్టగోడ మూల రావి మొక్క లేచింది. బెత్తెడున్నప్పుడు రెండు వేళ్లతో పీకితే పోయేది, "మళ్లీ వచ్చినప్పుడు చూద్దాంలే" అనుకున్నాం. మూడో ఏడు వెళ్లేసరికి వేళ్లు గోడ పగుల్లోకి దిగిపోయాయి. లోపల పడగ్గదిలో స్లాబు పెచ్చు ఒకటి ఊడి అమ్మ పట్టెమంచం మీద పడి ఉంది. పైకి చూస్తే తుప్పు పట్టి ఉబ్బిన ఊచ. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఊచకు తడి తగిలితే ఇంతే, తుప్పుతో అది ఉబ్బి కాంక్రీటును కిందికి నెట్టేస్తుంది. కొనడానికొచ్చినవాళ్లు ఆ పెచ్చు చూశాక ఇంటి సంగతి ఎత్తడం మానేసి గజం లెక్కన స్థలానికే బేరమాడారు.

అందుకని అమ్మినా అమ్మకపోయినా ముందు ఒక మనిషిని పెట్టుకోండి, డబ్బులిచ్చి. బాబాయిగారిని తప్పుపట్టడం లేదు. కానీ చుట్టాన్ని "డాబా ఊడ్చారా?" అని అడగలేం, అదే చిక్కు. మేం చివరికి ఎదురింటి పిండిమర ఆవిడకు నెలనెలా కొంత ఇచ్చాం. ఆదివారం కిటికీలు తీయడం, బాత్రూం తూములో చెంబెడు నీళ్లు పోయడం (వాడని తూములో నీళ్లు ఎండిపోతే కంపూ బొద్దింకలూ అక్కణ్ణుంచే వస్తాయి), డాబా ఊడ్చి వాట్సాప్‌లో వీడియో పెట్టడం, అంతే పని. కరెంటు మీటరు తీయించకండి, మినిమం బిల్లు కడుతూ ఉండండి. మునిసిపాలిటీలో అయితే ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తానికి కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది. ఆ రసీదులు దాచుకోండి, ఇల్లు మీ చేతిలోనే ఉందని చెప్పడానికి పనికొస్తాయి.

అద్దెకిస్తే ఇంకా మంచిది. "12 ఏళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుంది" అని భయపెట్టబట్టి మేం ఇవ్వలేదు. అది పొరపాటని మా లాయరు తర్వాత చెప్పారు. అద్దె కడుతూ అద్దెదారుగా ఉన్నవాడికి ఆ హక్కు రాదు. ఆ 12 ఏళ్ల లెక్క, ఇల్లు నాదేనని బాహాటంగా కూర్చున్నవాడి విషయంలోది. అలా వచ్చి కూర్చోవడానికి పట్టించుకునే దిక్కులేని ఖాళీ ఇల్లే కదా వీలు!

ఇక కాగితాలు. అమ్మానాన్నల మరణ ధ్రువపత్రాలు, తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మునిసిపాలిటీలో పన్ను మీ పేర్లకు మార్చడం, ఇవి బేరం కుదిరాక కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి. వీలునామా లేకపోతే తండ్రి సొంతంగా సంపాదించింది కొడుకులతోపాటు కూతుళ్లకూ సమానమే. పెళ్లిలో పెట్టాం కాబట్టి అక్కకు వాటా లేదని మా అన్నయ్య చాలా రోజులు అనుకున్నాడు. అక్కేమో "నాకేమీ వద్దు, సంతకం పెడతాను" అంటూ వచ్చింది. వద్దన్నా ఆ మాట నోటిమాటగా ఉంటే చెల్లదు, రిజిస్టరు కాగితం కావాలి. మేం ముగ్గురం అమ్మకందారులుగానే రాసిచ్చాం, డబ్బు మూడు వాటాలుగా మూడు ఖాతాల్లో పడింది. తర్వాత ఆమె తన వాటాతో ఏం చేసుకుందన్నది ఆమె ఇష్టం.

నాన్న 1969లో కొన్న దస్తావేజులో చీరాల గుంటూరు జిల్లా అని ఉంటుంది. తర్వాత ప్రకాశం అయింది, 2022లో బాపట్ల అయింది. ఈలోగా డోర్ నంబర్లూ మారాయి. ఈసీకి (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఇచ్చి వెతికించండి. ఒక్కటే ఇస్తే సగం చరిత్రే వస్తుంది.

అసలు దెబ్బ కొలతల దగ్గర పడింది. కాగితం మీద ఆరు సెంట్లు, అంటే 290 గజాలు. కొనేవాళ్ల ముందు టేపు పట్టుకుంటే 271. తూర్పున పక్కింటివాళ్ల బాత్రూం గోడ మా హద్దులో ఉందన్న అనుమానం. అది ఎప్పుడు కట్టారు, హద్దురాయి ఎక్కడ, చెప్పగలిగిన పెద్దాయన ఒక్కరే మిగిలారు, వీధి చివర. ఎనభై దాటినాయన కర్ర పట్టుకుని వచ్చి, కాలవ పక్క బండ తీయమన్నారు. కింద రాయి ఉంది! అయినా గోడ పడగొట్టించే ఓపిక మాకు లేదు, 271 గజాలకే రాసిచ్చాం. ఇంకో రెండేళ్లు ఆగుంటే ఆ పెద్దాయనా ఉండేవారు కాదు. మీరు ఈసారి వెళ్లినప్పుడు ఒక సర్వేయరుతో కొలిపించి, నలుగురి ఎదుట ఫొటోలు తీయించుకోండి.

మీ తమ్ముడి విషయం. ఆయన రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే కాగితం) పంపాలి, అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి వ్యాలిడేట్ చేయించాలి, జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో. న్యూజెర్సీ నుంచి మా అక్క పంపిన కవరును నేను బీరువాలో భద్రంగా దాచాను. నాలుగో నెలలో తీశాను. మళ్లీ మొదటికొచ్చింది.

పన్నుకూ ఆయనకూ లింకుంది. ఎన్నారై వాటా మీద కొనేవాళ్లే టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాలి. 50 లక్షలు దాటితే 1 శాతం అన్నది ఇక్కడుండే అమ్మకందారులకు, ఎన్నారైకి అది వర్తించదు. అదీ లాభం మీద కాదు, వాటా మొత్తం మీద కోసేస్తారు. తక్కువ కోతకు ఆదాయపన్ను శాఖ సర్టిఫికెట్ ముందే తెచ్చుకోమనండి. మీ నాన్నగారు 2001కి ముందు కొన్న ఇల్లయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపించుకోవచ్చు, దానికి రిజిస్టర్డ్ వాల్యూయరు రిపోర్టు తీసుకోండి. అమ్మిన లాభం మీద పన్ను మీకైతే 12.5 శాతమా, ద్రవ్యోల్బణం లెక్కేసి 20 శాతమా అని ఏది తక్కువైతే అది ఎంచుకునే వీలుంది. తమ్ముడికి ఆ వీలు లేదు.

సగం క్యాషిస్తామనేవాళ్లు తప్పకుండా వస్తారు. స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంత సొమ్మూ జరిమానా కట్టాల్సి రావచ్చు. మేం బయానా కూడా బ్యాంకులోనే వేయమన్నాం, దాంతో ఒక బేరం పోయింది. పోతే పోయింది.

ఇంతకీ మీ ఇంటికి రిజిస్టరు దస్తావేజు ఉందా, లేక గ్రామకంఠంలో (ఊళ్లో ఇళ్ల కోసం పూర్వం నుంచీ ఉన్న నివాస స్థలం) తరాలుగా ఉన్న ఇల్లా, అది మీరు రాయలేదు. గ్రామకంఠమైతే పైన కాగితాల గురించి చెప్పింది సగమే పనికొస్తుంది. అదొకటి చెప్పండి, మిగతాది రాస్తాను.