షాక్‌లు మార్చినా టకటక పోలేదంటే

మీ కారుకు ముందువైపు షాక్ అబ్జార్బర్లు రెండూ కొత్తవి వేసినా చిన్న గతుకుల్లో టకటక వస్తోందని, కొత్త లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని బండి అడుగుభాగానికి కలిపే ఆర్మ్ కీళ్లలోని రబ్బర్లు) ఆర్నెల్లకే చిరిగాయని రాశారు. ఇవి రెండూ వేర్వేరు సమస్యలండీ.

బుష్‌లది దాదాపుగా బిగింపు తప్పే. బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగిస్తే బుష్ లోపలి ఇనుప గొట్టం (స్లీవ్) అక్కడే పట్టేస్తుంది. కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగి, బండి ఊరికే నిలబడ్డా ఆ మెలికలోనే ఉంటుంది. అంచున వెంట్రుకంత పగులుతో మొదలై చివరికి ఊడిపోతుంది. ఈసారి బోల్టులు వదులుగా ఎక్కించి, బండి దించి, ముందుభాగాన్ని నాలుగుసార్లు కిందికి నొక్కి వదిలాక, మాన్యువల్‌లోని టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. ఆర్మ్‌కు క్యామ్ బోల్టులు (తిప్పి చక్రం కోణం సరిచేసేవి) ఉంటే, మళ్లీ అదే చోట పెట్టేలా విప్పకముందే గీత గీసుకోండి.

టకటకకు నా మొదటి అనుమానం స్టెబిలైజర్ లింకులు, అంటే మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ చివర్లలోని చిన్న రాడ్లు. చక్రాలు రెండూ నేల మీదుండగా లింకు పట్టుకుని గట్టిగా కుదపండి, ఆట (వదులు) ఉంటే చేతికే తెలుస్తుంది. అది బాగుంటే స్ట్రట్ మౌంట్ (షాక్, స్ప్రింగ్‌ల పైభాగాన్ని బాడీకి పట్టి ఉంచే, బేరింగ్ ఉన్న భాగం) చూడండి: ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగ్ మీద చెయ్యి ఆనించండి. నున్నగా తిరక్కుండా ఆగి ఒక్కసారిగా ఎగిరితే బేరింగ్ పోయినట్టే. పాత మౌంట్లకే కొత్త షాక్‌లు తగిలించడం అనవసరపు పొదుపు.

మౌంట్ మార్చేటప్పుడు స్ప్రింగ్‌ను కంప్రెసర్ అనే పనిముట్టుతో నొక్కిపట్టకుండా పై నట్టు ముట్టుకోవద్దు, ప్రాణాల మీదకొస్తుంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) అన్నీ బిగించాకే.