లోగో గీస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవించి వ్రాయునది.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి రాసిన సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌వర్క్‌ను వచ్చే నెలలో నలుగురి ముందూ పెడుతున్నారనీ, దాని లోగో నువ్వే గీస్తున్నావనీ మీ అమ్మ చెప్పినప్పుడు, బతుకంతా సైన్‌బోర్డులూ బస్తాల గుర్తులూ గీసిన ఈ చేతికి ఎక్కడలేని గర్వం వచ్చింది. మరునాడు నువ్వు పంపిన మగ్గం బొమ్మ చూశాక మాత్రం నిద్ర పట్టలేదు. బొమ్మ బాగాలేదని కాదు, మరీ బాగుంది. పడుగులో 24 దారాలు లెక్కపెట్టాను. ఒక్కో దారానికి ఒక నీడ, ఆ నీడలో మళ్లీ రంగు మారే మెరుపు. సరిగ్గా ఇలాంటి బొమ్మతోనే నేను ఒకప్పుడు తలదించుకున్నాను.

1987లో, తెనాలిలో కొట్టు పెట్టిన కొత్తలో, ఒక రైసు మిల్లు యజమాని బస్తాల మీదికి గుర్తు కావాలని వచ్చాడు. పనితనమంతా ఒక్కచోటే చూపించాలన్న ఉబలాటంతో జోడెద్దులు, వాటి వెనుక కుప్పనూర్పిడి, ఆ వెనుక కాలువ నీటి అలలు, చివరికి ఎద్దుల మెడ గంటల మీది గీతలతో సహా గీశాను. కాగితం మీద చూసి ఆయన మురిసిపోయి, అడిగినదానికి 50 రూపాయలు ఎక్కువే ఇచ్చాడు. రబ్బరు బ్లాకు చేయించి గోనె మీద అద్దగానే సిరా జనపనార పోగుల వెంట పాకింది. అలలూ కుప్పా గంటలూ ఒకటైపోయి, కొమ్ములు రెక్కల్లా విచ్చుకుని, ఒక నల్లటి ముద్ద మిగిలింది. నెల తిరగకముందే గోడౌను దగ్గర హమాలీలు "కాకి బస్తాలు ఎన్నొచ్చాయి?" అని అడుగుతుంటే, అరుగు పక్కన నిలబడి నా చెవులతో విన్నాను. యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి పంటకు వేరే పెయింటరు చేత గుండ్రటి గీతలో ఒక్క వరికంకి వేయించుకున్నాడు, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ బొమ్మను నా బల్ల మీద, నేను గీసిన కొలతలో తప్ప, అది బతకవలసిన గోనె మీద ఒక్కసారైనా చూసుకోలేదు.

నీ గోనె ఏమిటో మా అబ్బాయిని అడిగి తెలుసుకున్నాను. బ్రౌజర్ ట్యాబులో నీ లోగోకు దక్కేది 16 పిక్సెళ్ల చదరమట. అంటే 16 చుక్కలు, 16 వరుసల ముగ్గు. ఆ 256 చుక్కల్లో 24 దారాలూ వాటి నీడలూ ఎక్కడ సర్దుతావమ్మా? నిన్న నీ బొమ్మను జిరాక్సు కొట్టులో నలుపు తెలుపులో వేలిగోరంతకు తగ్గించి తీయించాను. కొట్టు కుర్రాడు దాన్ని చూసి, "దువ్వెనా సార్?" అన్నాడు.

ముక్కలను అల్లి కలిపే సాఫ్ట్‌వేర్ కాబట్టి మగ్గమంతా కనిపించాలని నీ వాదన. బొమ్మ చేత వ్యాఖ్యానం చెప్పించకు. లారీ యూయింగ్ 1996లో గీసిన లినక్స్ పెంగ్విన్, కంప్యూటరును నడిపే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ఏం చెబుతుంది? గుట్టలకొద్దీ డేటాను సంభాళించే హడూప్ అనే సాఫ్ట్‌వేర్ గుర్తైన ఏనుగు, దాని సృష్టికర్తల్లో ఒకరైన డగ్ కటింగ్ కొడుకు ఆడుకున్న పసుపు బొమ్మ. వెబ్‌పేజీలు కట్టే రియాక్ట్ గుర్తు చూడు: మధ్యలో ఒక చుక్క, చుట్టూ మూడు కోలవలయాలు, ఒకటే లేత నీలం. ఒకసారి చూసిన పిల్లవాడు ఇంటికెళ్లి పలక మీద గీయగలడు. నీ మగ్గంలో పడుగు రెండు పోగులు, పేక ఒక పోగు ఉంచి, ఒకటి మీదుగా, ఒకటి కిందుగా పోనిచ్చి చూడు. నాకైతే అందులోనే నేత కనబడుతోంది.

మిగిలినవి నీకు తెలిసినవే. ముందు ఒక్క రంగులో నిలబడనీ, రంగులు తరువాత. తెల్లటి తెర మీదా నల్లటి తెర మీదా చూసుకో. ఎరుపు, ఆకుపచ్చల తేడా ఒక్కదానిమీదే గుర్తును నిలబెట్టకు, ఆ తేడా కనబడని కళ్లు చాలా ఉంటాయి. అసలు ఫైలు ఎస్‌వీజీలో, అంటే ఎంత పెంచినా గీత చెదరని రకంలో, దాచు.

ఇంకొక్క భయం ఉంది, చాదస్తం అనుకున్నా సరే. గీతల్లో సాయపడిన స్నేహితురాలి దగ్గర, ఆ బొమ్మను మీరు ఏ షరతులతో వాడుకోవచ్చో ఇప్పుడే, నవ్వుతూ ఉన్నప్పుడే కాగితం మీద రాయించుకో. గో అనే ప్రోగ్రామింగ్ భాషకు రెనీ ఫ్రెంచ్ గీసిన గోఫర్ అనే ఎలుకలాంటి జంతువు బొమ్మను ఎవరైనా వాడుకోవచ్చు, కానీ గీసినది ఆమె అని చెప్పాలి. షరతు ఎంత సూటిగా ఉందో చూడు. అలాగే మీరు పెట్టిన పేరును ట్రేడ్‌మార్కుల రిజిస్టరులో ఒకసారి వెతుకు. రిజిస్ట్రేషన్ కాకముందే వృత్తంలో 'ఆర్' అక్షరం పెట్టకూడదు, అది చట్టవిరుద్ధం.

రాత్రి రెండింటిదాకా రంగులు మారుస్తూ కూర్చుంటున్నావట. కళ్లు పాడవుతాయి, మానుకో.

ఆ కాకి బ్లాకు ఇంకా నా ట్రంకుపెట్టెలోనే ఉంది. వచ్చే ఆదివారం మీ అమ్మ చేత పంపుతాను. స్టాంపు సిరా రాసి, ఏదైనా పాత గోనెముక్క మీద అద్ది చూడు. కొత్త దుప్పటి మీద మాత్రం వద్దు, ఆ సిరా వదలదు.

ఇట్లు,
మామయ్య