ఐరోపా పునరుజ్జీవన కాలం, దాని తర్వాతి బరోక్ కాలం చిత్రాల్లో మీకు బాగా నచ్చింది ఏది?

నాకైతే ఆలోచించే పనే లేదు. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసిన ‘మత్తయికి పిలుపు’. సుంకం వసూలు చేసే మత్తయిని యేసు తన శిష్యుడిగా పిలిచిన ఘట్టం అది. ఈ ప్రశ్న ఎవరు అడిగినా లియోనార్డో, మైకెలాంజెలో, రాఫెల్ అని మూడు పేర్లు చెప్పి ఊరుకుంటారు. వాళ్లు గొప్పవాళ్లే. కానీ చీకట్లోంచి మనిషిని పైకి లాగే విద్య కారవాజ్జోకు వచ్చినట్టు ఇంకెవరికీ రాలేదు.

కొన్నేళ్ల క్రితం రోమ్‌లో సాన్ లుయిజి దేయ్ ఫ్రాంచేజి చర్చికి వెళ్లాను. చిత్రం ఎడమవైపు చివరి మందిరంలో ఉంది. అంతా మసక. అక్కడి పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలుగుతుందన్నారు. వేశాను. మూడు మీటర్లకు పైగా ఎత్తున్న చిత్రం ఒక్కసారిగా కళ్ల ముందు నిలిచింది. సుంకపు మెట్టు దగ్గర బల్ల చుట్టూ ఐదుగురు. కళ్లజోడు సర్దుకుంటూ చిల్లర చూస్తున్న ముసలాయన, టోపీలో ఈక పెట్టుకున్న కుర్రవాడు. కుడివైపు శిష్యుడు పేతురు చాటున సగమే కనబడే యేసు, ఆయన చాచిన చెయ్యి. ‘నన్ను వెంబడించుము’ అన్న మాటంతా ఆ వేళ్లలోనే ఉంది.

అంతలో దీపం ఆరిపోయింది. ముక్కూ మొహం తెలియని ఇరవై మందిమి జేబులు తడుముకున్నాం. ఒక పెద్దావిడ చేతిసంచి విప్పి నాణెం వేసింది. తర్వాత మళ్లీ నేను, నా తర్వాత మరొకరు. బొమ్మ లోపల వాళ్లూ బయట మేమూ చిల్లర లెక్కల్లోనే!

మూడో నాణేనికి గమనించాను. బొమ్మలో వెలుగు కుడినుంచి పడుతోంది. మందిరంలో అసలు కిటికీ ఉన్నదీ అటే, బలిపీఠం పైన. 1599-1600లో ఆ గోడ కోసమే వేసిన చిత్రం మరి. దీన్ని అరచేతిలో ఫోను మీద చూసి ‘చూసేశాం’ అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

కారవాజ్జో మనిషి మాత్రం మహా కోపిష్ఠి. 1604లో పూటకూళ్ల ఇంట్లో ఆర్టిచోకులు (ఒక రకం కూరగాయ) వెన్నలో వండినవేవో, నూనెలో వండినవేవో అడిగాడట. జవాబు నచ్చక పళ్లెం వడ్డించేవాడి మొహాన విసిరాడు. 1606లో ఏకంగా హత్య చేసి రోమ్ వదిలి పారిపోయాడు. 38 ఏళ్లకే పోయాడు.

ఇంతకీ ఆ ఐదుగురిలో మత్తయి ఎవరు? వేలు చూపిస్తున్న గడ్డపాయనే అని ఎక్కువమంది అంటారు. నేను ఒప్పుకోను. బల్ల చివర తల వంచుకుని నాణేలు చూసుకుంటున్న కుర్రవాడే మత్తయి. పిలుపు ఇంకా అతని చెవిన పడలేదు, అంతే.

వెళ్లేవాళ్లు చిల్లర దండిగా పట్టుకెళ్లండి. ఎదుటి గోడ మీద కారవాజ్జోయే వేసిన ‘మత్తయి హత్య’ చిత్రం ఉంది. అందులో వెనకనుంచి తిరిగి చూస్తున్న గడ్డపు మనిషి సాక్షాత్తూ కారవాజ్జోయే.