మురుగు ఎరువు తోలించే ముందు

చిరంజీవి మురళికి పెదనాయన ఆశీస్సులు.

మురుగు శుద్ధి చేసే చోట ఎండబెట్టిన మట్టి ట్రాక్టర్ బాడుగకే దొరుకుతోందని, ఉన్న నాలుగెకరాలకూ తోలించేస్తానని అన్నావు. నాలుగెకరాలకూ వద్దు నాయనా. చెరకుకు వేసుకో, మామిడి పాదులకు వేసుకో. చెనక్కాయ వేసే కయ్యలో మాత్రం ఒక్క తట్ట కూడా పడకూడదు.

వాసన చూసి ముక్కు మూసుకునేవాళ్ల మాట నేను చెప్పడం లేదు. మన ఎర్ర ఇసుక నేలల్లో సేంద్రియ కర్బనం చాలాచోట్ల అర శాతం కూడా ఉండదు. నీళ్లు కట్టిన రెండు రోజులకే తడి ఆరిపోయేది అందుకే. ఇంట్లో పశువులు లేక దిబ్బ ఎరువు కూడా కొనుక్కుంటున్నాం. అలాంటి నేలకు ఇది నిజంగా బలమే. ఈ మురుగు మట్టి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది గానీ, పొడి బరువున టన్నుకు సుమారు 30 కిలోల నత్రజని వస్తుందనుకో. మొదటి ఏడు పైరుకు అందేది అందులో మూడో వంతు లోపే, మిగతాది మెల్లగా వదులుతుంది. భాస్వరం మాత్రం దండిగా ఉంటుంది, టన్నులో ఇంచుమించు రెండు బస్తాల డీఏపీకి సరిపడా. కాబట్టి ఇది వేసిన చోట డీఏపీ మానెయ్. పొటాష్ శుద్ధి చేసేటప్పుడే నీళ్లలో కరిగి ఆ నీళ్లతోనే పోతుంది, మట్టిలో మిగిలేది నామమాత్రం. చెరకుకు పొటాష్ వేరేగా వెయ్యక తప్పదు.

పొడి బరువు అని ఎందుకంటున్నానంటే, యంత్రంలో పిండిన బురదలో కూడా నూటికి 80 పాళ్లు నీళ్లే. అలాంటి బురద 5 టన్నుల ట్రాక్టర్ వచ్చిందంటే నీకు దక్కేది 1 టన్ను. బాడుగ లెక్క వేసేటప్పుడు ఇది మర్చిపోతే ఉచితమన్నది కాస్తా ఖరీదవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నత్రజని పైరు తింటుంది, లేదా గాలిలోకో నీళ్లలోకో పోతుంది. మురుగుతో వచ్చే కాడ్మియం, సీసం, నికెల్ లాంటి విష లోహాలు ఎక్కడికీ పోవు. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, అదే 1985 నాటిది, సిటీ కంపోస్టులో, అంటే పట్టణ చెత్తతో చేసే ఎరువులో, కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100, నికెల్ 50 దాటకూడదంటుంది. కాడ్మియం సరిగ్గా ఆ హద్దులో ఉన్న మట్టిని ఎకరాకు 4 టన్నులు వేశావనుకో, 20 గ్రాములు నేలలో చేరినట్టు. ఎకరాలో పై అర అడుగు మట్టి సుమారు 900 టన్నులు ఉంటుంది, అందులో ఇదెంత అనిపిస్తుంది. ఏటా అలాగే వేస్తూ పో, ఇరవై ఏళ్లకు మామూలు నేలలో సహజంగా ఉండేదానికి దాదాపు రెట్టింపవుతుంది. ఆ తర్వాత తీసేయడానికి దారి లేదు.

ఇంగ్లండ్‌లో వోబర్న్ అనే చోట 1942 నుంచి 1961 దాకా లోహాలెక్కువున్న మురుగు మట్టిని ప్రయోగ క్షేత్రంలో వేశారు. ఆపేసిన ఇరవై ఏళ్ల తర్వాత చూసినా ఆ లోహాలు చాలావరకు దున్నే పొరలోనే ఉన్నాయి. క్లోవర్ అని పప్పుజాతి మేత మొక్క వేర్లకు బుడిపెలు వచ్చినా అవి గాలిలోని నత్రజని పట్టలేదు. మన చెనక్కాయ బతికేది కూడా ఆ బుడిపెల మీదే కదా. పైగా కాడ్మియాన్ని గింజలోకి లాక్కునే గుణం చెనక్కాయకు ఉంది. పాలకూర, తోటకూర లాంటి ఆకుకూరలు కూడా అంతే. నేల పులిసేకొద్దీ, అంటే పీహెచ్ 6.5 కన్నా దిగేకొద్దీ, లోహాలు కదిలి వేరుకు తేలిగ్గా అందుతాయి. అందుకే మట్టి తోలించే ముందు భూమి పరీక్ష చేయించు. పీహెచ్ తక్కువొస్తే ముందు సున్నం, తర్వాతే ఇది.

రెండో భయం పురుగులది. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి చావవు. అమెరికాలో 1993 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, పూర్తిగా క్రిములు చావని రకం వేస్తే, నేలను తాకే కూరగాయలను 14 నెలలు, నేలలో ఊరే పంటలను 20 నుంచి 38 నెలలు కోయకూడదు. చెనక్కాయ నేలలోనే కదా ఊరేది! పైన కాసే మామిడికి ఆ బాధ లేదు, చెరకు రసాన్ని ఎలాగూ గానుగ దగ్గర కాగబెడతారు. అయినా కూలీలకు చెప్పులు, చేతి తొడుగులు ఇవ్వు, ఉత్త కాళ్లతో తొక్కనివ్వకు.

కుప్ప వేసి మగ్గబెట్టుకుంటే ఇంకా మంచిది. నీ చెరకు ఆకు ఎలాగూ కాల్చేస్తున్నావు, దాన్ని మట్టితో పొరలుగా కలిపి పొడవాటి దిబ్బ వెయ్యి. లోపల 55 డిగ్రీల వేడి పదిహేను రోజులు నిలవాలి, ఆ లోపు ఐదుసార్లు తిరగెయ్యాలి. వేడి చూసే కడ్డీ ఒకటి కొనుక్కో, చెయ్యి పెట్టి అంచనా వెయ్యొద్దు. బోరుకు, చెరువుకు దూరంగా ఉండాలి. అక్టోబరు నుంచి మనకు వానలు గట్టిగా పడతాయి కాబట్టి సంక్రాంతి దాటాక, చెరకు నాటే ముందు చల్లుకో.

తిరుపతి దగ్గర తూకివాకంలో మురుగు శుద్ధి చేసే చోటు నుంచి వచ్చినా, మరో చోటు నుంచి వచ్చినా, అడగాల్సింది ల్యాబ్ రిపోర్టు. లోహాలు, ఉప్పు, క్రిములు మూడూ ఉండాలి. ఉప్పు కొలత, అంటే ఈసీ, మీటరుకు 4 డెసీ సీమెన్లు దాటితే వద్దను. ఇళ్ల మురుగేనా, ఫ్యాక్టరీల నీళ్లు కూడా కలుస్తున్నాయా అని తప్పకుండా అడుగు. అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2022లో పొలాలకు ఈ మట్టి తోలడమే నిషేధించింది. నాన్‌స్టిక్ పూతల్లాంటి వాటిలో వాడే, నేలలో విరగని పీఫాస్ రసాయనాలు దానికి కారణం. మామూలు రిపోర్టులో అవి కనిపించవు, అందుకే ఏటేటా వేయడం నాకు నచ్చదు. ఒకసారి వేసి మూడేళ్లు ఆగు, మళ్లీ భూమి పరీక్ష చేయించి చూడు.

ఇంకోటి, సెప్టిక్ ట్యాంకు లారీవాడు 'ఇదీ అదే కదన్నా' అంటాడు. శుద్ధి కాని దాన్ని గట్టు కూడా ఎక్కనివ్వకు.

రిపోర్టు చేతికి రాగానే ఫోటో తీసి నాకు పంపు. తిరుపతి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కూడా ఒకసారి చూపించు. అప్పటిదాకా ట్రాక్టర్‌కు అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇట్లు
మీ పెదనాయన